గేటుకి ఇవతల: కోకా-కోలా సమ్మె, మన సమ్మె సాహిత్యం

సమ్మె అనే మాట వినగానే మన కళ్ళముందుకి ఒక ఫ్యాక్టరీ గేటు వస్తుంది. గేటు ముందు టెంటు, ఎర్రజెండా, నినాదాలిచ్చే మగవాళ్ళు. తెలుగులో అభ్యుదయ, విప్లవ సాహిత్యాలు కార్మికుల గురించి చాలా రాశాయి. వాటిమీద వచ్చిన విమర్శ కూడా తక్కువేమీ కాదు. అయినా సమ్మె జరిగినన్నాళ్ళూ ఆ మగవాళ్ళు ఏం తిన్నారు, ఆ తిండిగింజలు ఎవరు ఎక్కణ్ణుంచి తెచ్చారు, నీళ్ళు ఎవరు మోశారు అనే ప్రశ్నలు విమర్శలో పెద్దగా కనపడవు. అవి ఇంటికి సంబంధించిన విషయాలనీ, సాహిత్యానికి సంబంధించినవి కావనీ అనుకోవటమే అందుకు కారణం. ఈ వ్యాసంలో వాటిని సాహిత్య ప్రశ్నలుగానే చర్చకు పెట్టదలుచుకున్నాను.

ఇందుకోసం నేను ఎంచుకున్న సమ్మె మన దేశానిది కాదు. మధ్య అమెరికాలోని గ్వాటెమాలా నగరంలో, కోకా-కోలా సీసాలు నింపే ఫ్యాక్టరీలో 1976 నుంచి 1985 దాకా సాగిన పోరాటం. కర్నూలు, కడప జిల్లాల సాహిత్యం చదువుకునే దానికి గ్వాటెమాలాతో ఏం పని అని స్నేహితురాళ్ళు అడిగారు. సీసాలో ఏ రంగు కలిపినా, ఏ తీపి కలిపినా అందులో ఎక్కువ భాగం నీళ్ళే. ఏడాది వర్షపాతం సగటున 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉండే మా ప్రాంతంలో పెరిగిన మనిషికి సీసాని చూస్తే రెండు ప్రశ్నలు వస్తాయి. దీన్ని నింపిన చేతికి కూలి ఎంత ఇచ్చారు? ఈ నీళ్ళు ఎవరి బావిలోవి? మొదటి ప్రశ్న కార్మిక సాహిత్యానిది. రెండోది కరువు సాహిత్యానిది. ఈ రెండు సాహిత్యాలూ ఒకదాన్నొకటి పలకరించుకోవు. రెండు ప్రశ్నలూ ఒకేసారి ఎదురయ్యేది, ఆ కూలితో గింజలు కొని ఆ నీళ్ళతో వండాల్సిన మనిషికి.

ముందు సమ్మె సంగతి క్లుప్తంగా చెప్తాను. గ్వాటెమాలాలో ఆ ఫ్యాక్టరీ కోకా-కోలా పేరుమీద సీసాలు నింపుకునే అనుమతి ఉన్న వేరే సంస్థది. దాన్ని నడిపిన జాన్ ట్రాటర్ అమెరికాలోని టెక్సాస్‌కి చెందిన న్యాయవాది. 1975లో కార్మికులు యూనియన్ పెట్టుకోవటం మొదలుపెట్టారు. 1976 మార్చిలో సుమారు 150 మందిని ఒక్కసారిగా పనిలోంచి తీసేశారు. వాళ్ళు ఫ్యాక్టరీలో బైఠాయిస్తే పోలీసులొచ్చి కొట్టారు. అప్పటికి దేశాన్ని కుదిపేసిన ఫిబ్రవరి భూకంపం జరిగి రెండు నెలలైనా కాలేదు. ఈ ఒక్క ఫ్యాక్టరీ గొడవ మిగతా కార్మిక సంఘాలన్నిటినీ ఒకచోటికి తెచ్చింది. జాతీయ కార్మిక ఐక్యతా కమిటీ ఏర్పడింది ఆ మార్చి చివరిలోనే. తీసేసిన వాళ్ళు మళ్ళీ పనిలో చేరారు.

ఆ తర్వాత హత్యలు మొదలయ్యాయి. యూనియన్ నాయకుడు పెద్రో కెవేదోని 1978 డిసెంబరులో చంపారు. మాన్యుయెల్ లోపెజ్ బలాంని 1979 ఏప్రిల్‌లో, సరుకు వేసే డ్యూటీలో ఉండగా చంపారు. 1980 జూన్ 21న కార్మిక కేంద్రం కార్యాలయం నుంచి ఎత్తుకుపోయిన 27 మందిలోనూ ఈ ఫ్యాక్టరీ మనుషులున్నారు. వాళ్ళెవరూ తిరిగి రాలేదు. జెనీవా కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ ఆహార కార్మిక సంఘాల సమాఖ్య కోకా-కోలా బహిష్కరణకు పిలుపునిచ్చింది. స్వీడన్, స్పెయిన్, మెక్సికోల్లో కార్మికులు కదిలారు. 1980 చివరికి ఫ్యాక్టరీ చేతులు మారి, యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1984 ఫిబ్రవరి 17న కొత్త యజమానులు దివాలా ప్రకటించి ఫ్యాక్టరీ మూసేస్తున్నామన్నారు. దాదాపు 460 మంది కార్మికులు ఫ్యాక్టరీని ఆక్రమించుకుని, వంతులు వేసుకుని కాపలా కాశారు. 1985 మార్చి 1న ఇంకో యజమాని చేతిలో ఫ్యాక్టరీ తెరుచుకునేదాకా, అంటే ఏడాదికి పైగా, అక్కడ్నుంచి కదల్లేదు.

ఈ పోరాటం మీద మంచి పుస్తకాలు వచ్చాయి. హెన్రీ ఫ్రంట్ 1987లో రాసిన పుస్తకం కంపెనీ, ప్రభుత్వం, అంతర్జాతీయ మద్దతుల చరిత్ర. డెబొరా లెవెన్సన్-ఎస్ట్రాడా 1994లో ప్రచురించిన పుస్తకం గ్వాటెమాలా నగర కార్మికోద్యమ చరిత్ర. ఆమె కార్మికుల్ని కూచోబెట్టి మాట్లాడించింది. చంపుతారని తెలిసీ మనుషులు యూనియన్‌లో ఎందుకున్నారు అన్నది ఆమె అసలు ప్రశ్న. వేతనాల లెక్కతో దానికి జవాబు దొరకదని గ్రహించి, వాళ్ళ మత విశ్వాసాల్లోకి, స్నేహాల్లోకి, ఆత్మగౌరవం గురించిన ఆలోచనల్లోకి వెళ్ళింది. మన 'మనకు తెలియని మన చరిత్ర' చదివిన వాళ్ళకి ఈ పద్ధతి కొత్తేం కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ఆ పుస్తకం, తెలంగాణా పోరాటాన్ని అందులో పనిచేసిన స్త్రీల గొంతుతో చెప్పించి, చరిత్ర అంటే ఏమిటనే ప్రశ్ననే మార్చేసింది.

అయితే లెవెన్సన్ విషయంలో విమర్శకులుగా మనం గమనించాల్సింది ఒకటుంది. మూడేళ్ళ తర్వాత, 1997లో, లాటిన్ అమెరికా స్త్రీ కార్మికుల మీద వచ్చిన ఒక సంకలనంలో ఆమె ఇంకో వ్యాసం రాసింది. అదే నగరం, అదే దశాబ్దం. శీర్షికను తెలుగులో చెప్పాలంటే 'శ్రామికవర్గ స్త్రీవాదపు ఒంటరితనం'. సీసాల ఫ్యాక్టరీని దాటి, ఎక్కువమంది స్త్రీలు పనిచేసే ఒక దారం ఫ్యాక్టరీలోకి వెళ్ళి, మగవాళ్ళ లోకమైన యూనియన్‌లో నాయకత్వానికి ఎదిగిన ఒక స్త్రీ గురించి రాసింది. మొదటి పుస్తకంలో స్త్రీలు లేరని నా ఉద్దేశం కాదు. కానీ సమ్మె చరిత్ర ఒక పుస్తకంగానూ, సమ్మెలో స్త్రీ ఒంటరితనం ఇంకో వ్యాసంగానూ విడిపోవటం యాదృచ్ఛికం కాదనుకుంటాను. సమ్మె కథకి ఒక అచ్చు ఉంది. అందులో యజమాని, కార్మికుడు, పోలీసు, అమరుడు పడతారు. ఏడాదిపాటు జీతం రాని 460 ఇళ్ళలో పొయ్యి ఎట్లా వెలిగింది అన్నది ఆ అచ్చులో పట్టదు.

ఈ పోరాటంలో స్త్రీలు బయటికి కనపడిన ఒక చోటు మాత్రం ఆశ్చర్యంగా ఉంటుంది. సిస్టర్స్ ఆఫ్ ప్రావిడెన్స్ అనే క్రైస్తవ సన్యాసినుల సంఘానికి కోకా-కోలాలో కొద్దిపాటి వాటాలున్నాయి. ఆ హక్కుతో వాళ్ళు వాటాదారుల సమావేశాల్లో గ్వాటెమాలా హత్యల గురించి నిలదీశారు. 1979లో ప్రవాసంలో ఉన్న యూనియన్ నాయకుడు ఇజ్రాయెల్ మార్కెజ్ అమెరికాలోని ఆ సమావేశానికి వెళ్ళి స్వయంగా మాట్లాడాడు. సన్యాసినుల పేరు రికార్డులోకి ఎక్కింది, వాళ్ళ చేతిలో వాటా పత్రం ఉంది కాబట్టి. కార్మికుల భార్యల చేతిలో ఉన్నది గరిటె. గరిటెకి ఓటు లేదు.

తెలుగులో కార్మిక సాహిత్యం మీద అన్నిటికంటే గాఢమైన ముద్ర వేసిన అనువాదం గోర్కీ 'అమ్మ'. క్రొవ్విడి లింగరాజు అనువాదం చదివి ఉద్యమాల్లోకి వచ్చామని చెప్పుకున్న తరాలున్నాయి. ఆ నవలని ఈ కోణంలో మళ్ళీ చదవమని అడుగుతున్నాను. పావెల్ ఫ్యాక్టరీలో మొదటిసారి మాట్లాడేది దేని గురించి? ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న బురదనీటిని తోడించటానికి జీతంలో రూబుల్‌కి ఒక కోపెక్ కోస్తామన్నందుకు. అంటే నీళ్ళ ఖర్చు కూలివాడి నెత్తిన వేసినందుకు. పావెల్ అరెస్టయ్యాక కరపత్రాలు లోపలికి వెళ్ళటం ఆగకూడదు. అప్పుడు నీలొవ్‌నా ఏం చేస్తుంది? ఫ్యాక్టరీలో భోజనం అమ్మే ఆవిడ దగ్గర పనికి కుదిరి, తిండి మోసుకుంటూ కరపత్రాలు లోపలికి చేరుస్తుంది. గేటు కాపలావాళ్ళు తడిమి చూసినా వాళ్ళకి దొరకదు. ముసలామె అన్నం తెస్తోందంటే అందులో రాజకీయం ఏముంటుందని వాళ్ళ ధీమా.

మన విమర్శ ధీమా కూడా ఇంచుమించు ఇదే. నీలొవ్‌నాని మనం విశ్వమాతని చేశాం. కొడుకు మీద ప్రేమ ప్రజలందరి మీద ప్రేమగా మారిందని రాశాం. నవలలో ఆమె గేటు దాటింది తల్లి హోదాలో కాదు, తిండి అమ్మే పనిమనిషిగా. అది కూలి తీసుకునే పని. కొడుకు వదిలిన చోట రాజకీయం ఆ పనిలోంచి కొనసాగింది. 'అమ్మ' అన్న పేరు ఎంత గొప్పగా అతుక్కుపోయిందంటే ఆమెని కార్మికురాలిగా చదవాలన్న ఆలోచనే రాలేదు. మాతృత్వాన్ని కీర్తించటం ద్వారా శ్రమని మాయం చేయటం పితృస్వామ్యానికి పాత అలవాటే. అది ప్రగతిశీల విమర్శలోకి కూడా అంతే సులువుగా వచ్చి కూచుంది.

మా మేనమామ పనిచేసిన ఫ్యాక్టరీలో నా చిన్నప్పుడు రెండు నెలలు సమ్మె జరిగింది. ఆ రెండు నెలలూ మా అత్త చెనిక్కాయలు వలిచే కూలికి పోయింది. కమ్మలు కుదువ పెట్టింది. పొద్దున్నే కొర్రన్నం, ఊరిబిండి కట్టి టెంటు దగ్గరికి పంపేది, మామ ఒక్కడికే కాదు, పక్కూళ్ళ నుంచి వచ్చిన ఇంకో ముగ్గురికి. సమ్మె అయిపోయాక యూనియన్ వేసిన కరపత్రంలో చందాలిచ్చిన వాళ్ళ పేర్లన్నీ ఉన్నాయి. కమ్మల సంగతి లేదు. ఈ మధ్య ఆ రోజుల గురించి అడిగితే అత్త, "సమ్మె చేసింది మీ మామ. నేనేం చేసినా? సంసారం చేసినా," అంది. ఆ మాటని నేను వినయంగా తీసుకోలేను. తను చేసిన పనికి వాడుకోవటానికి ఆమె దగ్గర ఇంకో మాట లేదు. మనం ఇవ్వలేదు.

ఇంతవరకూ వస్తే, సమ్మెలో స్త్రీల పాత్రని కూడా గుర్తిస్తే సరిపోతుందనిపించొచ్చు. సీసాల ఫ్యాక్టరీ విషయంలో అది సరిపోదు. కేరళలోని పాలక్కాడ్ జిల్లా ప్లాచిమడలో కోకా-కోలా ఫ్యాక్టరీ 2000లో మొదలైంది. కొన్నాళ్ళకే చుట్టుపక్కల బావుల్లో నీళ్ళు తగ్గాయి, మిగిలినవి తాగటానికి పనికిరాకుండా పోయాయి. 2002 ఏప్రిల్ 22న గేటు ఎదుట నిరసన మొదలైంది. ముందు నిలబడిన వాళ్ళలో ఎరవాలర్ ఆదివాసీ స్త్రీ మయిలమ్మ ఒకరు. పెరుమట్టి పంచాయతీ లైసెన్సు పొడిగించనంది. 2004 మార్చిలో ఉత్పత్తి ఆగింది. 2005లో హైకోర్టు డివిజన్ బెంచి రోజుకి 5 లక్షల లీటర్ల దాకా నీళ్ళు తోడుకోవచ్చన్నా ఆ ఫ్యాక్టరీ మళ్ళీ నడవలేదు. మయిలమ్మ 2007 జనవరిలో చనిపోయింది. ఆమె చెప్పిన జీవితకథని జ్యోతీబాయి పరియాడత్ మలయాళంలో రాసింది. 2018లో అది ఇంగ్లీషులోకి వచ్చింది.

ప్లాచిమడలోనూ గేటు ఉంది, టెంటు ఉంది. కానీ అక్కడ టెంటులో ఉన్నది కార్మికులు కాదు. ఫ్యాక్టరీలో పనిచేసే వాళ్ళూ, వాళ్ళ యూనియన్లూ మొదట్లో ఆ ఉద్యమాన్ని తమ పొట్టకొట్టే వ్యవహారంగానే చూశారు. గ్వాటెమాలాలో ఫ్యాక్టరీ నడవాలన్నది పోరాటం. ప్లాచిమడలో ఫ్యాక్టరీ ఆగాలన్నది పోరాటం. రెండూ న్యాయమైనవే. గేటుకి అవతల జీతం, ఇవతల నీళ్ళు. ఒకే ఇంట్లో కొడుకు అవతల ఉండి తల్లి ఇవతల ఉంటే ఏమవుతుంది? ఇట్లాంటి సందర్భాన్ని కథగా రాయాల్సిన వాళ్ళం నిజానికి మనమే. నీళ్ళమ్మే కంపెనీ మా ప్రాంతానికి కొత్త కాదు. తుంగభద్ర మీద సుంకేశుల దగ్గర ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా కాలువ తవ్వింది 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ, లాభం కోసం పెట్టిన ప్రైవేటు కంపెనీ. ఆ లాభం రాకపోయేసరికి 1882లో ప్రభుత్వం దాన్ని కొనుక్కుంది. ఇవాళ అదే కర్నూల్లో, కడపలో 20 లీటర్ల నీళ్ళ టిన్ను ఇంటి ఖర్చుల చీటీలో బియ్యం పక్కన చేరింది. ఆ చీటీ రాసేది ఎవరో చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు నా అసలు వాదనకి వస్తాను. సమ్మె అంటే పని ఆపటం. అలాగైతే మన దగ్గర మత్తుపానీయం మీద జరిగిన అతిపెద్ద సమ్మెని మనం సమ్మెగా గుర్తించనే లేదు. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వమే సారాని ప్యాకెట్లలో నింపి ఊరూరికీ పంపింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేకోద్యమం కర్నూలు, కడప, చిత్తూరు జిల్లాలకి పాకింది. స్త్రీలు దుకాణాలు మూయించారు, వేలంపాటలు ఆపించారు. తాగొచ్చిన మొగుడికి అన్నం పెట్టమన్నారు. ఆ చివరి మాట దగ్గర ఆగుదాం. అది పని ఆపటం కాక మరేమిటి? ఏ యూనియనూ నోటీసివ్వలేదు కాబట్టి, ఆపింది జీతం లేని పని కాబట్టి, మనం దాన్ని ఉద్యమం అన్నాం, తిరుగుబాటు అన్నాం, స్త్రీశక్తి అన్నాం. సమ్మె అనలేదు. 1975 అక్టోబరు 24న ఐస్‌లాండ్ స్త్రీలు ఆఫీసు పనీ, ఇంటిపనీ ఒకేసారి ఆపారు. ఆ దేశ స్త్రీలలో నూటికి 90 మంది పాల్గొన్నారంటారు. దాన్ని కూడా అధికారికంగా 'స్త్రీల సెలవురోజు' అనే పిలిచారు. సమ్మె అనే మాట స్త్రీల ఇంటిపని దగ్గరికి వచ్చేసరికి ఎక్కడైనా మొహమాటపడుతుంది.

ఆ ఉద్యమానికి నిప్పంటించిన అక్షరాస్యతా వాచకంలోని 'ఆడవాళ్ళు ఏకమైతే' పాఠాన్ని కూడా మన సాహిత్య చరిత్రలు సాహిత్యంగా లెక్కపెట్టవు. అప్పుడే కూడబలుక్కుని చదవటం నేర్చుకున్న స్త్రీలు చదివి, పక్క ఊళ్ళో చర్చించుకుని, కార్యాచరణకి దిగిన వచనం అది. అంతకంటే ప్రభావం చూపిన వచనం ఆ దశాబ్దంలో ఎంతుంది? కర్నూలు జిల్లాకే చెందిన ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించారు. అదే నెల 24న కోకా-కోలా ఆగ్రాలో అడుగుపెట్టి, పదహారేళ్ళ తర్వాత మన మార్కెట్లోకి తిరిగొచ్చింది. ఒకదానికొకటి కారణం కాదు. కానీ పక్కపక్కన పెట్టి చూడాల్సిన తేదీలు.

ఈ మాటల పట్టింపు ఎందుకని అనుకోవచ్చు. మాటతో పాటే హక్కు వస్తుంది కనుక. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో సుమారు లక్షమంది అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకి దిగారు. కర్నూలు, కడపల్లోనూ టెంట్లు వేసుకుని కూచున్నారు. కార్యకర్తకి నెలకి 11,500 రూపాయలు ఇచ్చేవారు. దాని పేరు జీతం కాదు, గౌరవ వేతనం. పిల్లలకి తిండిపెట్టే వాళ్ళని సేవ చేసే అమ్మలుగా చూసిన ప్రభుత్వమే, 2024 జనవరి 6న అత్యవసర సేవల చట్టం ప్రయోగించి వాళ్ళ సమ్మెని నిషేధించింది. పనిచేస్తున్నప్పుడు కార్మికులు కారు, పని ఆపితే మాత్రం అత్యవసరం! అంగన్‌వాడీలకి గ్రాట్యుటీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పినా ఆ హక్కు కోసం 42 రోజులు రోడ్డుమీద కూచోవాల్సి వచ్చింది. నీలొవ్‌నాని 'అమ్మ'గా మాత్రమే చదివిన విమర్శకీ, ఈ 'గౌరవ వేతనా'నికీ చుట్టరికం ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. గేటుకి ఇవతల ఉన్న స్త్రీలందరూ ఒకే వరసలో లేరు. కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఎం. ఎం. వినోదిని 'దాహం' నాటకం చదివితే బిందెడు నీళ్ళకి కులం ఎట్లా అడ్డం నిలబడుతుందో తెలుస్తుంది. అక్కడ నీళ్ళు తోడుకున్న కంపెనీ ఏదీ లేదు. ఊరే ఆ నీళ్ళకి గేటు. మయిలమ్మ ఆదివాసీ కావటమూ యాదృచ్ఛికం కాదు. ఫ్యాక్టరీ ఎవరి బావి పక్కన వెలుస్తుందో కులమూ భూమీ నిర్ణయిస్తాయి. సమ్మెలో స్త్రీల శ్రమని గుర్తించమని అడుగుతూ ఆ స్త్రీలని ఏకరాశిగా పోస్తే, యూనియన్ మనకి చేసిందే మనం దళిత, ఆదివాసీ స్త్రీలకి చేసినవాళ్ళమవుతాం.

కాబట్టి సమ్మె గురించిన ఏ నవలనైనా, కథనైనా, చరిత్రనైనా చదివేటప్పుడు మనం అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. జీతం ఆగిన రోజు నుంచి ఆ ఇంటికి డబ్బు ఎవరి కూలి నుంచి వచ్చింది? ఏ వస్తువు కుదువకి పోయింది, అది ఎవరిది? నీళ్ళు ఎంతదూరం నుంచి వచ్చాయి? ఒప్పందం మీద సంతకాలు పడ్డాక ఆ అప్పు ఎవరు తీర్చారు? రచయిత వీటికి జవాబు చెప్పకపోతే, చెప్పకపోవటం కూడా ఆ రచనలో భాగమే. దాని గురించి కూడా రాయాలి. గ్వాటెమాలాలో ఆ 460 ఇళ్ళ కథ ఇంకా రాయాల్సే ఉందని నాకనిపిస్తుంది. మన కర్నూలు, కడపల్లో సమ్మెలు చూసిన ఇళ్ళలో చెప్పగలిగిన స్త్రీలు ఇంకా ఉన్నారు. వాళ్ళలో చాలామందికి ఇప్పుడు డెబ్భై దాటింది. వాళ్ళ దగ్గరికి వెళ్ళి కూచోవటానికి మనం ఎక్కువకాలం ఆగలేం.